పాత మైన్‌క్రాఫ్ట్ వరల్డ్: కొత్త వెర్షన్‌కి మార్చాలా, అలాగే ఉంచాలా, మళ్లీ మొదలుపెట్టాలా?

బ్లాకులతో ఇళ్లు, ఊళ్లు కట్టుకునే ఆట మైన్‌క్రాఫ్ట్. దానికి అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: నా పాత వరల్డ్ (సేవ్ చేసుకున్న ఆట ప్రపంచం) తెరుచుకుంటుందా? కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో, మోడ్లు (బయటివాళ్లు చేసిన అదనపు మార్పులు) లేకుండా ఆడిన వరల్డ్ అయితే దాదాపు ఎప్పుడూ తెరుచుకుంటుంది. పదేళ్ల కిందటి వరల్డ్‌లో ఇప్పటికీ ఆడుతున్నవాళ్లు ఎంతోమంది. అందుకే ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ వరల్డ్‌లో మీకు కావలసింది మీరు కట్టుకున్న ఇళ్లా, వాటి చుట్టూ ఉన్న కొండలు, నదులా, లేక అప్‌డేట్‌లో వచ్చిన కొత్త సరుకా? మూడూ కావాలంటే కుదిరే దారులు తక్కువ. ఏదో ఒకటి కొంత వదులుకోవాలి. ఏది వదులుకోగలరో తెలిస్తే దారి దానంతట అదే తేలుతుంది.

చంక్ సంగతి తెలిస్తే సగం పని అయినట్టే

ఆట ప్రపంచాన్ని చంక్‌లుగా తయారుచేస్తుంది. ఒక్కో చంక్ 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు. మీరు దగ్గరికి వెళ్లినప్పుడే అది పుడుతుంది. పుట్టాక డిస్క్‌లో రాసేస్తుంది, ఆ తర్వాత ఆ చోటికి కొత్త భూమి తయారుచేయదు. కాబట్టి మీరు 2017లో తిరిగిన అడవి, 2024 వెర్షన్‌లో తెరిచినా 2017 అడవిగానే ఉంటుంది. కొత్త బయోమ్‌లు (అడవి, ఎడారి లాంటి నేల రకాలు), కొత్త గుహలు, కొత్త కట్టడాలు మీరు ఇంకా అడుగుపెట్టని చోట మాత్రమే వస్తాయి. దీనికి 1.18 ఒక్కటే మినహాయింపు, దాని సంగతి కింద ఉంది.

జంతువులు, మాబ్‌లు (ఆటలో తిరిగే జీవులు, శత్రువులు), వస్తువులు తయారుచేసే క్రాఫ్టింగ్, కరెంటులా యంత్రాలు నడిపే రెడ్‌స్టోన్ ఇవన్నీ ఆట నియమాలు. అవి మాత్రం వెర్షన్ మారగానే పాత చంక్‌లలో కూడా మారిపోతాయి. కొత్త వెర్షన్‌లో తెరిస్తే మీ ఊరు అలాగే ఉంటుంది కానీ ఇనుము దానంతట అదే పోగయ్యేలా కట్టుకున్న మీ ఐరన్ ఫార్మ్ ఆగిపోవచ్చు. "అంతా బాగానే ఉంది కానీ ఏదో పాడైంది" అని జనం అనేది ఇందుకే.

రీజియన్ ఫైళ్ల సంగతి కూడా తెలిసి ఉంటే మంచిది. 32 చంక్‌ల పొడవు, 32 చంక్‌ల వెడల్పు ఉన్న ప్రాంతం ఒక ఎంసీఏ ఫైల్‌లో ఉంటుంది. అంటే ఒక్కో ఫైల్ 512 బై 512 బ్లాకుల నేల. కింద చెప్పబోయే కత్తిరింపు పని జరిగేది ఈ ఫైళ్ల మీదే.

మీ వరల్డ్ ఏ కాలంలో పుట్టింది?

ఏ దారి మంచిదన్నది దీన్ని బట్టే ఎక్కువగా మారుతుంది. జావా ఎడిషన్‌లో పాత వరల్డ్‌లకు ముఖ్యమైన మలుపులు ఇవి:

| వెర్షన్ | ఎప్పుడు | పాత వరల్డ్‌కి ఏం జరుగుతుంది |
|---|---|---|
| 1.7.2 | 2013 అక్టోబర్ | బయోమ్‌ల అమరిక పూర్తిగా మారింది. 1.6 నేలకీ కొత్త నేలకీ మధ్య నిట్టనిలువు గోడలు |
| 1.9 | 2016 ఫిబ్రవరి | ఎండ్ అనే లోకంలో బయటి ద్వీపాలు, ఎలైట్రా (ఎగిరే రెక్కలు). కొట్టే వేగం నియమాలు మారాయి |
| 1.13 | 2018 జులై | బ్లాకుల నంబర్లు పోయి పేర్లు వచ్చాయి. సముద్రాలు, నీటి నియమాలు మారాయి |
| 1.14 | 2019 ఏప్రిల్ | ఊరి లెక్క తలుపుల నుంచి మంచాలకు మారింది |
| 1.16 | 2020 జూన్ | నెదర్ అనే పాతాళ లోకంలో కొత్త బయోమ్‌లు, నెదరైట్ అనే గట్టి లోహం |
| 1.18 | 2021 నవంబర్ | ఎత్తు, లోతు పెరిగాయి. భూమి తయారీ మొత్తం మారింది |
| 1.20.5 | 2024 ఏప్రిల్ | వస్తువుల సమాచారం దాచే పద్ధతి మారింది |
| 1.21 | 2024 జూన్ | ట్రయల్ ఛాంబర్లు (భూమి కింద పోరాట గదులు) |

మీ వరల్డ్ ఎప్పటిదో గుర్తులేదా? వరల్డ్ జాబితాలో కనిపించేది చివరిగా ఆడిన వెర్షన్, పుట్టిన వెర్షన్ కాదు. స్పాన్ (ఆట మొదలయ్యే చోటు) చుట్టుపక్కల చూడండి. సముద్రం అడుగున కెల్ప్, గడ్డి, పగడాలు ఏవీ లేకుండా బోసిగా ఉంటే ఆ చోటు 1.13 కంటే ముందుది. ఎంత తిరిగినా రాగి ఖనిజం కనబడకపోతే 1.17 కంటే ముందుది.

ఈ పట్టికలో అన్నిటికంటే బరువైనది 1.18. అంతకుముందు ప్రపంచం అడుగు నుంచి పైకి 256 బ్లాకులు ఉండేది. 1.18లో మైనస్ 64 నుంచి 320 వరకు, మొత్తం 384 అయింది. పాత చంక్‌లను ఆట ఏం చేస్తుందంటే, సున్నా దగ్గర ఉన్న బెడ్‌రాక్ (పగలని అడుగు రాయి) తీసేసి దాని కింద డీప్‌స్లేట్ అనే రాయి, గుహలు, ఖనిజాలతో కొత్త పొర పెడుతుంది. మనుషులు కాపురం ఉన్న ఇంటి కింద నేలమాళిగ తవ్వినట్టు. పైన మీ ఇల్లు చెక్కుచెదరదు. పాత నేల ఆగిపోయి కొత్త నేల మొదలయ్యే అంచుల్లో కూడా 1.18 నుంచి రెండింటినీ కలుపుతూ వాలుగా సర్దుతుంది. మునుపటిలా కొండ మధ్యలో కత్తితో కోసినట్టు ఉండదు. అయితే ఈ సర్దుబాటు 1.18 కంటే ముందు చంక్‌కీ ఆ తర్వాత పుట్టే చంక్‌కీ మధ్యే. 1.6కీ 1.7కీ మధ్య మీ వరల్డ్‌లో అప్పటికే ఉన్న గోడ అలాగే నిలబడి ఉంటుంది. దాని పక్కన కోట కట్టుకుని అదే అందం అనుకునేవాళ్లూ ఉన్నారు, నాకూ అది బాగానే అనిపిస్తుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మీరు కట్టినవి ఎంత విలువైనవి, ఎంత దూరం పరుచుకున్నాయి అన్నది మొదటిది. రెండోది, మీకు కొత్త సరుకు ఎంత కావాలి: ఏన్షియంట్ సిటీ, చెర్రీ తోట, ట్రయల్ ఛాంబర్ ఇవన్నీ కావాలా, లేక ఒక మూల ఇల్లు చాలా. మూడోది ఫార్మ్‌లు, రెడ్‌స్టోన్, ఆదేశాలు నడిపే కమాండ్ బ్లాకులు ఎన్ని ఉన్నాయన్నది.

నాలుగోది కంప్యూటర్. దీన్ని చాలామంది మర్చిపోతారు. 1.17 నుంచి ఆటకి ఓపెన్‌జీఎల్ 3.2 ఇచ్చే గ్రాఫిక్స్ కావాలి. 1.18 నుంచి ఒక్కో చంక్ ఒకటిన్నర రెట్లు ఎత్తైంది, కాబట్టి మెమరీ, ప్రాసెసర్ మీద భారం పెరిగింది. ఇంట్లో ఉన్నది నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ అయితే, 1.12.2లో హాయిగా నడిచిన వరల్డ్ కొత్త వెర్షన్‌లో నత్తనడక నడవొచ్చు. వరల్డ్ పాడైందని టెన్షన్ పడకండి, పాడైంది ఏమీ ఉండదు.

ఐదోది స్నేహితులు. వాళ్లు ఏ వెర్షన్‌లో ఉంటే మీరూ అదే వెర్షన్‌లో ఉండాలి.

మొదటి దారి: పాత వెర్షన్‌లోనే ఉంచేయడం

జావా లాంచర్‌లో ఇన్‌స్టాలేషన్స్ అనే చోట కావలసిన వెర్షన్ నంబర్ ఎంచుకుని వేరే ఇన్‌స్టాలేషన్ పెట్టుకోవచ్చు. దానికి గేమ్ డైరెక్టరీ కూడా విడిగా ఇవ్వండి. అప్పుడు పాత వరల్డ్‌లు పాత ఫోల్డర్‌లో, కొత్తవి కొత్త ఫోల్డర్‌లో ఉంటాయి. పొరపాటున పాత వరల్డ్‌ని కొత్త వెర్షన్‌లో తెరిచే ప్రమాదం పోతుంది.

మోడ్‌ప్యాక్ (చాలా మోడ్ల కట్ట) వరల్డ్‌లకు ఇదే సరైన దారి, ఇందులో రెండో మాట లేదు. 1.7.10, 1.12.2 మోడ్‌ప్యాక్‌లలో కట్టిన ఫ్యాక్టరీలు కొత్త వెర్షన్‌కి రావు. ఆ మోడ్ లేని చోట దాని బ్లాకులు మాయమై గాలి మిగులుతుంది. 1.13లో నంబర్లు పోయి పేర్లు వచ్చినప్పుడు మామూలు బ్లాకులను ఆటే మార్చుకుంది. మోడ్ బ్లాకుల సంగతి దానికి తెలియదు. 1.8.9లో పీవీపీ (ఆటగాళ్ల మధ్య పోరాటం) ఆడేవాళ్లు కూడా అక్కడే ఉండిపోవడం తెలిసిందే, 1.9లో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆగాల్సిన నియమం వాళ్లకు నచ్చలేదు.

నష్టం ఏంటంటే, ఆ వరల్డ్ అక్కడితో ఆగిపోయినట్టే. కొత్తది ఏదీ రాదు. ఒక ఏడాది పోయాక దాన్ని తెరవడం తగ్గిపోతుంది. కేవలం పాత రూపం కోసమే ఆగిపోతున్నట్లయితే ఒక చిట్కా ఉంది. 1.14లో ఆట బొమ్మలన్నీ మారాయి కదా, పాత బొమ్మలు ప్రోగ్రామర్ ఆర్ట్ అనే రిసోర్స్ ప్యాక్‌గా ఆటలోనే ఉన్నాయి. రూపం పాతది, లోపల కొత్త వెర్షన్.

రెండో దారి: అప్‌డేట్ చేసి దూరం వెళ్లడం

అందరూ తెలియకుండా చేసేది ఇదే. వరల్డ్‌ని కొత్త వెర్షన్‌లో తెరుస్తారు. జావా ఎడిషన్ కొన్నిసార్లు అప్పుడు ఒక హెచ్చరిక చూపించి, బ్యాకప్ చేసి తెరవాలా లేక నేరుగా తెరవాలా అని అడుగుతుంది. అడగకపోతే ముందే మీరే కాపీ తీసుకోండి, ఎలాగో చివర చెప్పాను. అడిగితే బ్యాకప్ చేసి తెరిచే బటనే నొక్కండి. ఇందులో ఆలోచించేది ఏమీ లేదు. ఆట ఆ కాపీని బ్యాకప్స్ ఫోల్డర్‌లో జిప్‌గా దాస్తుంది.

తర్వాత కొత్త సరుకు కావాలంటే తిరగని చోటికి నడవాలి. వరల్డ్ చిన్నదైతే ఇది పెద్ద పనేమీ కాదు. ఎలైట్రా ఉంటే ఇంకా సులువు. అదే వరల్డ్‌లో మీరు పదివేల బ్లాకులు అన్ని వైపులా తిరిగి మ్యాప్‌లు నింపేసి ఉంటే, ప్రతి కొత్త బయోమ్ కోసం అంతకంటే దూరం పోవాలి. అప్పుడు నెదర్ ద్వారా దారి వేసుకోవడం మేలు, అక్కడ ఒక బ్లాకు నడిస్తే పైన ఎనిమిది బ్లాకులు నడిచినట్టు.

నెదర్‌తో ఇక్కడే చిక్కు. 1.16 కంటే ముందు నెదర్ తిరిగి ఉంటే ఆ చంక్‌లన్నీ పాత ఎర్రటి నేలగానే ఉంటాయి. క్రిమ్సన్ అడవి లేదు, బాస్టియన్ లేదు, నెదరైట్‌కి కావలసిన ఏన్షియంట్ డెబ్రీ లేదు. నెదర్‌లో అంచులు సర్దే ఏర్పాటు కూడా లేదు.

ఇక ఫార్మ్‌లు. అప్‌డేట్ చేస్తే వీటి విషయంలో ముందే మనసు గట్టి చేసుకోవాలి:

- 1.14 కంటే ముందు తలుపుల వరుసలతో కట్టిన ఐరన్ ఫార్మ్‌లు పనిచేయవు. ఊరు అంటే ఇప్పుడు మంచాలు, గ్రామస్తులు, వాళ్ల పనిబల్లలు.
- 1.13లో నీరు బ్లాకులలోకి చేరడం మొదలైంది, వస్తువులు నీటిలో తేలడం మొదలైంది. పాత నీటి ఎలివేటర్లు, వస్తువులు జార్చే కాలవలు ఒకసారి నడిపి చూడాలి.
- 1.18 నుంచి శత్రు మాబ్‌లు బ్లాకు వెలుతురు పూర్తిగా సున్నా ఉన్న చోటే పుడతాయి, అంతకుముందు 7 వరకు పుట్టేవి. మీ ఊరికి ఇది మేలే, తక్కువ టార్చ్‌లు చాలు. కానీ మాబ్ ఫార్మ్ కింద కొత్తగా వచ్చిన చీకటి గుహల్లో మాబ్‌లు పుట్టి, ఒకేసారి ఉండగల మాబ్‌ల లెక్క అక్కడే నిండిపోతే, పైన ఫార్మ్‌కి వచ్చేవి తగ్గుతాయి. ఫార్మ్ చచ్చిపోయిందని దాన్ని పీకి మళ్లీ కట్టేముందు కిందకి దిగి చూడండి.
- ఆటగాడు దూరంగా ఉన్నా స్పాన్ చంక్‌లలో నడిచే యంత్రాలు కట్టుకుని ఉంటే, 1.20.5లో ఆ ప్రాంతం బాగా చిన్నదైంది. అంచుల్లో ఉన్నవి ఆగిపోతాయి. 1.21.9లో అయితే స్పాన్ చంక్‌లనే తీసేశారు, అక్కడి నుంచి అన్నీ ఆగిపోతాయి.

వజ్రాల కోసం పాత అలవాటుగా 11వ ఎత్తులో తవ్వేవాళ్లు ఇక మైనస్ 59 దగ్గరకి దిగాలి. పాత చంక్‌ల కింద పొరలో కూడా వజ్రాలు వస్తాయి కాబట్టి, మీ ఇంటి కిందనుంచే తవ్వుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో 1.18 పాత వరల్డ్‌ల మీద దయ చూపించింది.

మూడో దారి: అప్‌డేట్ చేసి, కట్టని చోట్లు కత్తిరించడం

నన్నడిగితే, పాత వరల్డ్ మీద ప్రేమ ఉండి జావా ఎడిషన్ ఆడే చాలామందికి ఇదే సరైనది. మీరు కట్టిన చంక్‌లు ఉంచుకుని, ఊరికే నడిచిపోయిన చంక్‌లను ఫైళ్లలోంచి తీసేస్తారు. మళ్లీ అక్కడికి వెళ్తే ఆట వాటిని కొత్త వెర్షన్ ప్రకారం తయారుచేస్తుంది. అంటే ఇంటికి నాలుగు అడుగుల దూరంలోనే కొత్త ప్రపంచం మొదలవుతుంది. ఫోల్డర్ సైజు కూడా తగ్గుతుంది, ఇది చిన్న లాభం కాదు.

దీనికి ఎక్కువగా వాడేది ఎంసీఏ సెలెక్టర్ అనే ఉచిత సాధనం. పైనుంచి మ్యాప్‌లా చూపిస్తుంది. చంక్‌లను ఒక్కొక్కటిగా ఎంచుకోవచ్చు, లేదా ఆటగాడు ఎంతసేపు అక్కడ గడిపాడో చెప్పే లెక్కని బట్టి వడకట్టవచ్చు. ఆ లెక్క టిక్‌లలో ఉంటుంది, సెకనుకి 20 టిక్‌లు. రెండు మూడు నిమిషాల కంటే తక్కువ గడిపిన చంక్‌లు చాలావరకు దారిలో దాటినవే.

కానీ ఈ వడపోతని కళ్లు మూసుకుని నమ్మకండి. మీరు రైలు పట్టాలు వేసుకుంటూ వేగంగా పోయిన దారి, దూరంగా ఒక్కసారి పెట్టి మర్చిపోయిన పెట్టె, స్నేహితుడు కట్టిన చిన్న గుడిసె, ఇవన్నీ తక్కువ సమయం ఉన్న చంక్‌లే. 2013 కంటే ముందు ఆడిన చోట్ల ఈ లెక్కే ఉండకపోవచ్చు, అప్పటి మీ మొదటి ఇల్లు కూడా ఎవరూ అడుగుపెట్టని నేలలా కనిపిస్తుంది. వడకట్టిన తర్వాత మ్యాప్ మీద కంటితో ఒకసారి చూసి, కట్టడాల చుట్టూ కొంత అంచు వదిలి, అప్పుడే తీసేయండి.

వరల్డ్ పుట్టిన కాలం తేడా ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. 1.18లోనో ఆ తర్వాతో పుట్టిన వరల్డ్ అయితే, సీడ్ (ఆట భూమిని తయారుచేయడానికి వాడే అంకె) అదే కాబట్టి కత్తిరించిన చోట కొండలు, లోయలు దాదాపు పాత ఆకారంలోనే తిరిగి వస్తాయి. వాటి మీద ఒక మెడో (పచ్చికబయలు) చెర్రీ తోట కావచ్చు, ఒక చీకటి అడవిలో కొంత భాగం పేల్ గార్డెన్ కావచ్చు, కింద ట్రయల్ ఛాంబర్ రావచ్చు. అతుకు కనబడదు. అదే 1.12లో పుట్టిన వరల్డ్ అయితే, సీడ్ ఒకటే అయినా భూమి తయారుచేసే పద్ధతి మారింది కాబట్టి, కత్తిరించిన చోట వచ్చేది వేరే భూమి. మీ సముద్రతీరపు ఊరి ముందు మంచుకొండ లేవొచ్చు. అంచులు సర్దుకుంటాయి, నిజమే, కానీ ఆ కిటికీలోంచి కనిపించిన దృశ్యం పోతుంది. దృశ్యం ముఖ్యమైతే కట్టడం చుట్టూ కనుచూపు మేర, అంటే మీ రెండర్ దూరం అంత, కత్తిరించకుండా వదిలేయాలి.

నెదర్‌కి ఈ పని ఇంకా తేలిక. అక్కడ పెద్దగా ఏమీ కట్టి ఉండకపోతే నెదర్ ఫైళ్లన్నీ తీసేయడమే మేలు. చాలాకాలం పాటు జావా వరల్డ్‌లలో అవి డిమ్ మైనస్ 1 (DIM-1) అనే ఫోల్డర్‌లో ఉంటూ వచ్చాయి. ముందు నెదర్ నుంచి బయటికి వచ్చి సేవ్ చేయండి. అక్కడి పెట్టెలు ఖాళీ చేయండి. తర్వాత పైనున్న పోర్టల్ (నెదర్‌కి పోయే ద్వారం) లోకి నడిస్తే, అవతల కొత్త నెదర్, కొత్త పోర్టల్ సిద్ధం. రెండు మూడు పోర్టల్‌లు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్కడిది ఎక్కడికి పోతోందో ఒకసారి సరిచూసుకోవాలి. ఎండ్‌కి మాత్రం ఇలా చేయమని చెప్పను. డ్రాగన్ పోరాటం వివరాలు వేరే చోట దాచి ఉంటాయి, ఫైళ్లు తీసేస్తే రెండూ పొంతన తప్పొచ్చు.

నాలుగో దారి: కొత్త వరల్డ్, పాత కట్టడాలు

కొత్త సీడ్‌తో మొదలుపెట్టి, పాత వరల్డ్ నుంచి ఇష్టమైన కట్టడాలను మాత్రం తెచ్చుకోవడం. స్ట్రక్చర్ బ్లాకుతో 48 బ్లాకుల పొడవు, వెడల్పు, ఎత్తు వరకు ఒకేసారి కాపీ చేయవచ్చు. పెద్ద కోటలకి వరల్డ్‌ఎడిట్ అనే సాధనంతో తీసిన స్కీమాటిక్ (కట్టడం కాపీ ఫైల్) కావాలి, లేదా అమ్యూలెట్ అనే ఎడిటర్‌లో ఒక వరల్డ్ నుంచి ఎత్తి ఇంకో వరల్డ్‌లో దించవచ్చు. సర్వైవల్ (అన్నీ తామే సేకరించుకుని ఆడే పద్ధతి) నిజాయితీ పోతుందని అనుకునేవాళ్లు లైట్‌మాటికా మోడ్ వాడి, పాత ఇల్లు నీడలా చూపించుకుని, ఒక్కో ఇటుక మళ్లీ పేర్చుకుంటారు. అది ఓపికున్నవాళ్ల పని.

హెర్మిట్‌క్రాఫ్ట్ అనే పేరున్న యూట్యూబ్ సర్వర్ ఆటగాళ్లు ప్రతి సీజన్‌కీ కొత్త వరల్డ్ మొదలుపెడతారు. పాతది డౌన్‌లోడ్‌గా మిగులుతుంది. దానికి పూర్తిగా ఎదురు 2బీ2టీ సర్వర్. 2010 నుంచి ఒకే వరల్డ్. ఏళ్ల తరబడి 1.12.2లో ఉండిపోయి, 2023లో కొత్త వెర్షన్‌కి మారింది. స్పాన్ దగ్గర శిథిలాలు అలాగే ఉన్నాయి, కొత్త నేల కావాలంటే దూరం పోవాలి. రెండు పద్ధతులూ నడుస్తున్నాయి, రెండింటికీ అభిమానులున్నారు.

నా అభ్యంతరం ఒక్కటే. విసుగొచ్చినప్పుడు చాలామంది కొత్త వరల్డ్ మొదలుపెట్టి, వారం తిరిగేసరికి దాన్నీ వదిలేస్తారు. విసుగు పాత నేల మీద కాకుండా మళ్లీ చెక్క గొడ్డలి దగ్గర మొదలుపెట్టడం మీదే అయితే, ఈ దారి మీకు పనికిరాదు.

పక్కపక్కన పెడితే

| | పాతదే ఉంచడం | అప్‌డేట్, దూరం వెళ్లడం | అప్‌డేట్, కత్తిరించడం | కొత్త వరల్డ్ |
|---|---|---|---|---|
| కట్టినవి | అలాగే | అలాగే | ఉంచుకున్నవి మాత్రమే | తెచ్చుకున్నవి మాత్రమే |
| చుట్టూ నేల | అలాగే | అలాగే | 1.18 ముందుదైతే మారుతుంది | పూర్తిగా కొత్తది |
| కొత్త సరుకు | రాదు | దూరంగా దొరుకుతుంది | దగ్గరలోనే | అడుగడుగునా |
| ఫార్మ్‌లు | నడుస్తాయి | కొన్ని ఆగుతాయి | కొన్ని ఆగుతాయి | మళ్లీ కట్టాలి |
| పని | దాదాపు లేదు | కొంచెం | ఒక సాయంత్రం | ఎక్కువ |
| పాత లాప్‌టాప్‌కి | మంచిది | బరువు | బరువు, డిస్క్ మీద తేలిక | బరువు |
| పొరపాటు జరిగితే | ఏమీ పోదు | బ్యాకప్ కావాలి | బ్యాకప్ తప్పనిసరి | పాతది ఎలాగూ భద్రం |

ఎవరికి ఏది

పిల్లలు ఎప్పుడో కట్టుకున్న వరల్డ్‌ని జ్ఞాపకంగా దాచుకోవాలనుకునే తల్లిదండ్రులైతే, మొదటి దారి. అప్‌డేట్ జోలికి వెళ్లకండి. ఫోల్డర్ కాపీ చేసి, చివరిగా ఆడిన వెర్షన్ నంబర్‌ని ఫోల్డర్ పేరులో రాసి, వేరే డ్రైవ్‌లో పెట్టండి. పాత ఆల్ఫా, బీటా వెర్షన్లు కూడా లాంచర్ సెట్టింగ్‌లో ఒక టిక్ పెడితే కనిపిస్తాయి.

హార్డ్‌కోర్ (ఒకే ప్రాణంతో ఆడే పద్ధతి) ఆడేవాళ్లు అప్‌డేట్ వచ్చిన రోజే మారకండి. ఒక్క బగ్‌తో ప్రాణం పోతే తిరిగి రాదు. రెండు మూడు చిన్న సవరణ వెర్షన్లు వచ్చేదాకా ఆగి, కాపీలో ఒకసారి తిరిగి చూసి, అప్పుడు అసలు వరల్డ్ మార్చండి.

అడ్వెంచర్ మ్యాప్‌లు, కమాండ్ బ్లాకులు, డేటాప్యాక్‌లతో పని చేసేవాళ్లకి 1.20.5 పెద్ద గోడ. వస్తువుల సమాచారం రాసే పద్ధతి మారడంతో వస్తువులిచ్చే పాత గివ్ కమాండ్‌లు చాలావరకు తప్పు చూపిస్తాయి. 1.21లో డేటాప్యాక్ ఫోల్డర్ల పేర్లు కూడా మారాయి. తిరగరాసే ఓపిక ఉంటేనే అప్‌డేట్.

నలుగురు స్నేహితులు కలిసి సర్వర్ నడుపుతుంటే మూడో దారి పట్టండి, కానీ కత్తిరించే ముందు అందరినీ అడిగి వాళ్ల ఇళ్ల స్థానాలు రాసుకోండి. సర్వర్ కంప్యూటర్‌లో జావా కూడా చూసుకోవాలి: 1.18కి జావా 17, 1.20.5కి జావా 21. ఒకేసారి అన్ని చంక్‌లు మార్చేయాలంటే సర్వర్ మొదలుపెట్టేటప్పుడు ఫోర్స్ అప్‌గ్రేడ్ అనే ఆప్షన్ ఉంది. ఒంటరిగా ఆడేవాళ్లకి అదే పని వరల్డ్ జాబితాలోని ఎడిట్ తెరలో ఆప్టిమైజ్ వరల్డ్ పేరుతో ఉంటుంది. పెద్ద వరల్డ్ అయితే గంటలు పట్టొచ్చు, కానీ తర్వాత ఆడేటప్పుడు తడబాట్లు తగ్గుతాయి. కత్తిరింపు ముందు, ఆప్టిమైజ్ తర్వాత చేయండి. తీసేయబోయే చంక్‌లను మార్చడం దండగ.

ఫోన్‌లో, కన్సోల్‌లో ఆడేవాళ్లకి

మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఆడేది ఫోన్‌లో, అంటే బెడ్‌రాక్ ఎడిషన్. అక్కడ ఎంపికలు తక్కువ. యాప్ అప్‌డేట్ అయితే వరల్డ్ కూడా అప్‌డేట్ అవుతుంది, వెనక్కి రాదు. లాంచర్‌లో పాత వెర్షన్ ఎంచుకున్నట్టు ఇక్కడ కుదరదు. ప్లే స్టోర్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపుకోవచ్చు కానీ, స్నేహితుడి వరల్డ్‌లో చేరాలంటే ఇద్దరిదీ ఒకే వెర్షన్ కావాలి కాబట్టి ఎక్కువ రోజులు ఆపలేరు.

1.18లో కింద పొర చేరడం, అంచులు సర్దుకోవడం బెడ్‌రాక్‌లో కూడా ఉంది. కాబట్టి రెండో దారి ఇక్కడ మామూలు దారి. కత్తిరించాలంటే వరల్డ్‌ని కంప్యూటర్‌కి తెచ్చి అమ్యూలెట్‌లో చేయాలి. జావాకి మారిపోవాలనుకుంటే చంకర్ అనే సాధనం రెండు ఎడిషన్ల మధ్య వరల్డ్‌లను మారుస్తుంది. భూమి, కట్టడాలు బాగానే వస్తాయి. రెడ్‌స్టోన్ మాత్రం రెండు చోట్లా ఒకేలా నడవదు, యంత్రాలు మళ్లీ సరిచేసుకోవాలి.

ఫోన్‌లో అసలు ప్రమాదం అప్‌డేట్ కాదు, అన్‌ఇన్‌స్టాల్. స్టోరేజ్ నిండిందని ఎవరో యాప్ తీసేసి మళ్లీ వేస్తే, వరల్డ్‌లు కూడా దాంతోపాటు పోవచ్చు. వరల్డ్ సెట్టింగ్‌లలో కిందకి వెళ్తే ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే వరల్డ్ మొత్తం ఒక్క ఎంసీవరల్డ్ ఫైల్‌గా వస్తుంది. ఆ ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లోనో, మీకే మీరు వాట్సాప్‌లోనో పంపుకోండి.

చేసే క్రమం

జావాలో ఏ దారైనా మొదట సేవ్స్ ఫోల్డర్‌లోంచి వరల్డ్ మొత్తాన్ని కాపీ చేయాలి, రీజియన్ ఫైళ్లు మాత్రమే కాదు. వరల్డ్ వివరాలుండే level.dat ఫైల్, ఆటగాడి సామాన్లు, ఎంటిటీలు (జంతువులు, మాబ్‌ల లాంటివి) అన్నీ వేర్వేరు చోట్ల ఉంటాయి. తర్వాత ఆ కాపీకి వేరే పేరు పెట్టి, ముందుగా కాపీనే కొత్త వెర్షన్‌లో తెరవండి. ఇల్లు, పెట్టెలు, గ్రామస్తులు, ఫార్మ్‌లు ఒకసారి తిరిగి చూడండి. బాగుంటే అసలు దాన్ని మార్చండి.

1.12 కంటే పాత వరల్డ్ నేరుగా తెరిస్తే ఏదైనా తేడా వచ్చినట్లయితే, మెట్లు మెట్లుగా వెళ్లండి: ముందు 1.12.2, తర్వాత 1.16.5, తర్వాత కావలసిన వెర్షన్. ఒక్కో మెట్టు దగ్గర తెరిచి, ఆప్టిమైజ్ ఉంటే (అది 1.13 నుంచే ఉంది, 1.12.2లో లేదు) చేసి, మూసి, కాపీ చేసుకుని పైకి వెళ్లడం. 2012 మార్చికి ముందు, అంటే 1.2 కంటే ముందు వరల్డ్‌లలో ఫైళ్లు ఎక్కువగా ఎంసీఆర్ అనే పాత రకంవి. వాటిని 1.2 తర్వాతి పాత వెర్షన్ ఒకదానిలో మొదట తెరిచి ఎంసీఏగా మార్చుకుని, అప్పుడు ఈ మెట్లు ఎక్కాలి.

కొత్త వెర్షన్‌లో ఒకసారి సేవ్ అయిన వరల్డ్‌ని పాత వెర్షన్‌లో మళ్లీ తెరవాలని మాత్రం ప్రయత్నించకండి. ఆట హెచ్చరిస్తుంది, కొన్ని సందర్భాల్లో ఒప్పుకోదు, బలవంతంగా తెరిస్తే చంక్‌లు పాడవుతాయి. వెనక్కి వెళ్లాలంటే ఉన్న దారి బ్యాకప్ ఒక్కటే. అందుకే ఆ బ్యాకప్‌ని కనీసం తర్వాతి పెద్ద అప్‌డేట్ వచ్చేదాకా డిలీట్ చేయకండి.